నలభై మూడు రోజుల సభ

గడ్డి అలిసిపోయిందని ప్రభుత్వం కనిపెట్టింది.

మా బసూతో దేశంలో పై కొండల మీద పెరిగే గడ్డి సంగతి ఇది. భూమికి దక్షిణపు కొసన ఉన్న మాకు నవంబరులో ఎండలు మొదలవుతాయి. అప్పటికి లోయల్లో మేత అయిపోతుంది. మగవాళ్ళు గొడ్లని పై కొండకి తోలుకుపోతారు. మా తాతలు తోలారు, వాళ్ళ తాతలు తోలారు. అలిసిపోయానని గడ్డి ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. కానీ సముద్రం అవతల ఎవరో పండితుడు పుస్తకం రాశాడట, గడ్డికి విశ్రాంతి కావాలని. ఆ పుస్తకాన్ని మా కమిషనర్ పెంబ్రిడ్జ్ దొర చదివాడు. ఆయన చదివిన పుస్తకం అదొక్కటే కావడం మా ఖర్మ.

నేను ఆ దొరకీ మా మొరెనాకీ మధ్య దుబాసీని. పేరు ఖోటో. ఊళ్ళో మిషన్ బడిలో ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇంకేమీ నేర్పలేదు.

మొరెనా అంటే ప్రభువు. ఊరికొక మొరెనా ఉంటాడు. అందరి మీదా పెద్ద మొరెనా సెఖోబేగారు. ఆయన తాత గుర్రమెక్కి యుద్ధాలు చేశాడు. తండ్రి గుర్రమెక్కి సంధులు చేశాడు. ఈయన గుర్రమెక్కి దొర ఆఫీసుకి వెళ్ళి సంతకాలు చేసేవాడు. తెల్లవాళ్ళు ఆయన దగ్గర ఏదీ ఊరికే లాక్కోలేదు. ప్రతిదానికీ బదులు ఇచ్చారు. తుపాకులు తీసుకుని పతకం ఇచ్చారు. నది అవతలి పొలాలు తీసుకుని కిరీటం బొమ్మ నేసిన కంబళి ఇచ్చారు. శిక్ష వేసే అధికారం తీసుకుని, దొర వేసిన శిక్షని చదివి వినిపించే అధికారం ఇచ్చారు. దొర కుర్చీకన్నా జానెడు పొట్టిగా ఉండే కుర్చీ ఒకటి ప్రత్యేకంగా చేయించి మరీ ఇచ్చారు.

ఆయనకి మిగిలింది ఒక్కటే. సభలో చివరి మాట.

మా సభని పిట్సో అంటారు. అందులో ఎవరైనా లేచి ఏమైనా అనచ్చు. మొరెనాని మొహం మీదే తిట్టచ్చు. దానికి తర్వాత పగ పట్టకూడదు. అందరి మాటా విన్నాక ఆఖర్న మొరెనా లేస్తాడు. ఆయన అన్నదే తీర్పు. ఆయన అనేదాకా ఒక్క మగాడు కూడా సభ వదిలి ఇంటికి పోకూడదు. అన్నాక అందరూ "వాన!" అని అరుస్తారు. ఎండిన కొండల్లో అంతకన్నా పెద్ద దీవెన లేదు.

సరిగ్గా ఆ నవంబరులోనే దొరలకి పదిహేడో నియమం వచ్చింది. అది ఇలా ఉంది: "చక్రవర్తివారి ప్రతినిధి హాజరైయున్న యే సభయందైనను తుది పలుకు సదరు ప్రతినిధిదే అయియుండవలెను. సదరు తుది పలుకుతో సభ ముగిసినట్లును, అందు ప్రకటింపబడిన ఉత్తర్వు అమలులోనికి వచ్చినట్లును భావింపబడును."

ఎవరు రాశారో తెలియదు. ఎన్నడూ పెళ్ళాంతో వాదించని మనిషి రాసి ఉంటాడు.

సభ కొండవాలు మీద జరిగింది. దేశంలోని మగవాళ్ళంతా వచ్చారు. కింద లోయలో గొడ్లు కనబడుతున్నాయి. అందులో నాదీ ఒక ఆవు ఉంది.

దొర లేచి అరగంట మాట్లాడాడు. "తృణజాతి యొక్క చిరకాల శ్రమను దృష్టియందుంచుకొని, శాస్త్రసమ్మతమైన విశ్రాంతిని కల్పించు సదుద్దేశముతో..." అని మొదలుపెట్టి అక్కడక్కడే తిరిగాడు.

నేను మా వాళ్ళకి చెప్పాను: "ఈ ఏడు గొడ్లు కొండెక్కకూడదట. గడ్డి పడుకుందట."

మఖేతా అనే ముసలాయన లేచాడు. ఇద్దరు కొడుకుల్ని బంగారు గనులకి పంపినవాడు. "ఖోటో, దొరని ఒక మాట అడుగు. గనుల్లో మా కొడుకులు పదేళ్ళుగా అలిసిపోతున్నారు. వాళ్ళని కాసేపు పడుకోనివ్వమని ఆ పుస్తకంలో ఎక్కడా లేదా?"

అడిగాను. దొర తల పంకించాడు. "ఆ విషయము మా శాఖ పరిధిలోనికి రాదు. మాది తృణ విషయము మాత్రమే."

"మావాళ్ళు గడ్డిగా పుట్టాల్సిందిరా అయితే," అని మఖేతా కూర్చున్నాడు. జనం గొల్లుమన్నారు.

పొద్దు వాలాక సెఖోబేగారు లేచాడు. ఆయనది పెద్ద ఒళ్ళు, చిన్న గొంతు. ఆ గొంతు వినడానికి అందరూ నోరు మూసుకునేవారు. "దొరగారి గడ్డి మీద మాకూ జాలి ఉంది. కానీ గడ్డి పడుకుంటే మళ్ళీ లేస్తుంది. గొడ్డు పడుకుంటే లేవదు. గొడ్లు ఎక్కుతాయి."

"వా..." అని జనం సగం అరిచారు. మిగతా సగం గొంతులో ఉండగానే దొర లేచాడు.

"పదిహేడో నియమము ననుసరించి తుది పలుకు పలుకుచున్నాను. ఉత్తర్వు అమలులోనికి వచ్చినది."

నేను తర్జుమా చేశాను. జనం మొరెనా వైపు చూశారు. సెఖోబేగారు మళ్ళీ లేచాడు. "దొరగారి మాట విన్నాం. గొడ్లు ఎక్కుతాయి."

దొర మళ్ళీ లేచాడు. మొరెనా మళ్ళీ లేచాడు. ఆ సాయంత్రం ఇద్దరూ చెరి పదకొండుసార్లు లేచారు. ఆఖరికి పొద్దు గుంకింది. పొద్దు గుంకాక సభలో మాట్లాడటం మా ఆచారంలో తప్పు. ఆఫీసు వేళ దాటాక మాట్లాడటం దొరల నియమాల్లో తప్పు. సభ మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు కూడా అంతే అయింది.

లెక్క చాలా తేలిక. చివరి మాట దొరదైతే గొడ్లు లోయలో ఉండి చస్తాయి. మొరెనాదైతే కొండెక్కి బతుకుతాయి. మాట తేలేదాకా మగవాడు కదలకూడదు. మా వాళ్ళలో ఆడవాళ్ళు గొడ్లని తోలరు. కనుక గొడ్లు లోయలోనే నిలబడి, మేము మాట్లాడుకోవడం చూస్తూ ఉన్నాయి.

వారం గడిచేసరికి దొర గుడారం వేశాడు. తను అడుగు బయట పెడితే మొరెనా మాట చివరిదైపోతుంది. ఒకరోజు దొర గెడ్డం గీసుకుంటూ ఉండగా సెఖోబేగారు లేచి "గొడ్లు ఎక్కుతాయి" అన్నాడు. దొర సగం మొహం నురగతో పరుగెత్తుకొచ్చి "ఉత్తర్వు అమలులోనున్నది" అన్నాడు. సగం గెడ్డం మర్నాటిదాకా అలాగే ఉండిపోయింది.

దొర కార్యదర్శి తెలివైనవాడని పేరు. పొద్దు గుంకే క్షణానికి ఎవరు మాట్లాడితే వారిదే చివరి మాట అని సూచించాడు. మొరెనా సరే అన్నాడు. పొద్దు గుంకడాన్ని ఎవరు నిర్ధారించాలి అన్న ప్రశ్న వచ్చింది. దొర ఒక జవానుకి జెండా ఇచ్చి పడమటి గట్టు మీద నిలబెట్టాడు. పొద్దు పూర్తిగా పోయాక జెండా దించాలి. గట్టు మీద సూర్యుడు కాస్త ఆలస్యంగా గుంకుతాడని మొరెనాకి తెలుసు. ఆయన తన మనిషిని ఇంకొంచెం పైకి పంపాడు. దొర తన జవానుని అంతకన్నా పైకి పంపాడు. నాలుగు రోజుల్లో ఇద్దరూ ఆ కొండ కొసకి చేరారు. అక్కడినుంచి ఎక్కడానికి చోటు లేదు. ఇద్దరూ ఒకే రాతి మీద కూర్చుని పొగాకు పంచుకునేవారు. జెండాలు ఎప్పుడు దించారో ఇద్దరికీ గుర్తుండేది కాదు.

ఇంటికి పోవాలన్న తొందర నాకు లేదు. మా ఆవిడ పోయి మూడేళ్ళు. నది దాటి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి అనుమతి పత్రం అడిగితే, ఆవిణ్ణి పాతిపెట్టిన తొమ్మిదో రోజున ఇచ్చారు. దాని మీద ముద్ర బాగా పడింది.

మూడోవారంలో పారిశుద్ధ్యం అధికారి వచ్చాడు. ఆడవాళ్ళు కుండలు మోసుకొచ్చి వాలంతా పొయ్యిలు పెట్టారు. మగవాళ్ళు రాళ్ళు పేర్చి గుడిసెలు కట్టుకున్నారు. అధికారి గుడిసెలన్నీ చూసి, నియమాల పుస్తకం తిప్పి, ఇది సభ కాదు, గ్రామం అన్నాడు. గ్రామానికి నంబరు వేశాడు. ప్రతి గ్రామానికీ ఒక పెద్ద ఉండాలి కనుక ఒకర్ని పెట్టుకోమన్నాడు. జనం ఒకాయన్ని ఎన్నుకున్నారు. ఆ పెద్ద తన మొదటి పనిగా, పొయ్యిల స్థలం తగాదా తీర్చడానికి సభ పిలిచాడు. సభలో సభ. అధికారి దానికి హాజరయ్యాడు. అధికారి కూడా చక్రవర్తి ప్రతినిధే. కనుక అక్కడా చివరి మాట ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. నేను అక్కడినుంచి ఇక్కడికీ, ఇక్కడినుంచి అక్కడికీ పరుగెత్తి రెండు సభలకీ తర్జుమా చేసేవాణ్ణి. పొయ్యిల తగాదా ఇప్పటికీ తేలలేదు.

ముప్పయ్యో రోజున మఖేతా చచ్చిపోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగాడు.

మొరెనా చివరి మాట చెప్పకుండా శవాన్ని సభలోంచి తీసుకుపోవచ్చా అని జనం అడిగారు. సెఖోబేగారు తల దించుకున్నాడు. పెద్దల కాలంలో ఇలాంటిది జరగలేదన్నాడు. దొర కూడా టోపీ తీశాడు. కార్యదర్శితో సంప్రదించి తీర్పు చెప్పాడు: "మరణమునకు పూర్వము సదరు వ్యక్తి సభనుండి సెలవు కోరియుండలేదు. కావున సభ ముగియువరకు హాజరులోనున్నట్లు పరిగణింపబడును."

మఖేతాని అక్కడే, ఆయన కూర్చున్న చోటే పాతిపెట్టాం. ప్రతి ఉదయం హాజరు పట్టీలో కార్యదర్శి ఆయన పేరు చదివేవాడు. జవాబు రాకపోతే ఒక క్షణం ఆగి, "ఉన్నారు" అని రాసుకునేవాడు. బతికుండగా ఆయన్ని ఏ ప్రభుత్వమూ అంత పట్టించుకోలేదు.

ఈలోగా లోయలో గడ్డి అయిపోయింది. గొడ్లు ముళ్ళపొదలు తిన్నాయి. పోస్టాఫీసు కప్పు గడ్డి తిన్నాయి. పోస్టు మాస్టరు ఆకాశం కింద కూర్చుని తంతి కొట్టాడు. ఆ తంతి రాజధాని చేరింది. కప్పు పోయిందనేసరికి రాజధాని కదిలింది. గొడ్లు పోతున్నాయంటే కదలలేదు.

నలభై రెండో రోజున విచారణ సంఘం దిగింది. ఒక జడ్జి, ఒక రిటైరయిన కర్నల్, గొర్రెల పెంపకంలో పండితుడైన ఒక పాదిరి. ముగ్గురూ బల్ల వేసుకుని కూర్చున్నారు. కార్యదర్శి అప్పటికి గడిచిన నలభై ఒక్క రోజుల సభలో పలికిన ప్రతి మాటనూ రాసి ఉంచాడు. ఆ కాగితాలు ఎద్దుల బండి మీద వచ్చాయి.

"సమస్య మిక్కిలి సరళము," అన్నాడు జడ్జి. "ఏనాటి సభయందు ఎవరి పలుకు చివరిదో చూచినచో సరిపోవును."

కార్యదర్శి మొదటి రోజు ఆఖరి పుట తీశాడు. "మొరెనా తమ భాషలో పలికిరి. తరువాత దుబాసీ దానిని కమిషనరుగారికి ఇంగ్లీషులో పలికెను. పొద్దు గుంకెను."

"అయితే చివరి పలుకు దుబాసీది. రెండవ రోజు?"

"కమిషనరుగారు ఇంగ్లీషులో పలికిరి. తరువాత దుబాసీ దానిని జనానికి వారి భాషలో పలికెను. పొద్దు గుంకెను."

"దుబాసీ. మూడవ రోజు?"

మూడో రోజు దుబాసీ. నాలుగో రోజు దుబాసీ. నలభై ఒక్క రోజులూ దుబాసీ. దొర ఏమన్నా, మొరెనా ఏమన్నా, దాని తర్వాత నేను అనాల్సిందే. అది నా ఉద్యోగం. ముగ్గురూ కళ్ళజోళ్ళు తీసి నన్ను చూశారు. అంతవరకు నన్ను ఎవరూ చూడలేదు. నేను గుడారం గుంజ లాంటివాణ్ణి.

"నీ పేరేమి?" అన్నాడు జడ్జి.

"ఖోటో, దొరా."

"చివరి పలుకు నీదియని నీకు తెలియునా?"

"ఇప్పుడు తెలిసింది దొరా."

గొర్రెల పాదిరి అడిగాడు. "దీనిని గూర్చి నీకేమైనను ఆశ కలదా?"

"నాకు ఒక ఆవు ఉంది దొరా. అది బతకాలని ఆశ."

ముగ్గురూ భోజనం చేసి వచ్చి తీర్పు రాశారు. సభలో తుది పలుకు చక్రవర్తి ప్రతినిధిదే అయి ఉండాలి. తుది పలుకు వాస్తవంగా దుబాసీది. కావున ఈ సభ మట్టుకు దుబాసీయే చక్రవర్తి ప్రతినిధి. రేపు ఉదయం అతడు సభను ముగించవలెను.

ఆ సాయంత్రం కార్యదర్శి నన్ను పక్కకి పిలిచాడు. ఆఫీసు వెనక రేకు కప్పున్న ఇల్లు ఖాళీగా ఉందన్నాడు. కిటికీకి అద్దాలు కూడా ఉన్నాయన్నాడు. సెఖోబేగారు నన్ను పిలవలేదు. తన పొట్టి కుర్చీలో కూర్చుని లోయలోకి చూస్తూ ఉన్నాడు.

నలభై మూడో రోజు ఉదయం నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను. ఎప్పుడూ నిలబడే చోటే. కానీ మొదటిసారి ఇద్దరూ నా నోటి వంక చూస్తున్నారు. మా భాషలో అన్నాను:

"గొడ్లు చస్తున్నాయి. లేవండి. తోలండి."

"వాన!" అని జనం అరిచారు. నలభై మూడు రోజులుగా గొంతులో ఉన్న అరుపు అది. గుడిసెలు వదిలి, కంబళ్ళు భుజాన వేసుకుని వాలు దిగి పరుగెత్తారు.

"ఏమనెను? ఏమనెను?" అన్నాడు దొర.

నన్ను నేనే తర్జుమా చేసుకున్నాను. "సభ ముగిసింది అన్నాను దొరా."

"మరి ఉత్తర్వు?"

"దాని సంగతి కూడా చెప్పాను దొరా."

దొర తృప్తిపడ్డాడు. గంట తర్వాత కొండదారిలో దుమ్ము చూసేదాకా తృప్తిగానే ఉన్నాడు.

మధ్యాహ్నం సెఖోబేగారు నా దగ్గరికి వచ్చాడు. గుర్రం దిగలేదు.

"దొరతో నలభై మూడు రోజులు పోరాడాను ఖోటో. ఓడిపోయింది మాత్రం నీ చేతిలో."

"గొడ్లు ఎక్కాయి కదా మొరెనా."

"ఎక్కాయి. నువ్వు చెబితే ఎక్కాయి. మా తాత చచ్చేటప్పుడు నాకిచ్చింది ఆ ఒక్క మాటే. దాన్ని నువ్వు ఇంగ్లీషులో మింగేశావు."

జవాబు చెప్పచ్చు. చెబితే అది కూడా చివరి మాటే అవుతుంది. ఊరుకున్నాను. ఆయన గుర్రం తిప్పాడు. ఆ తర్వాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

ఏ విషయంలోనూ కలవని దొరా మొరెనా, నా విషయంలో కలిశారు. ఇద్దరికీ నేనంటే భయం పట్టుకుంది. కొత్త నియమం వచ్చింది. ఇకపై సభలు ఉండవు. దుబాసీ ఉద్యోగం రద్దు. ఉత్తర్వులు కాగితం మీద అచ్చువేసి పోస్టాఫీసు గోడకి అంటిస్తారు. అంటించిన క్షణం నుంచి అమలు. మధ్యలో ఎవరి నోరూ అక్కర్లేదు. దాని మీద దొర ఎడమచేతి వైపు, సెఖోబేగారు కుడిచేతి వైపు సంతకం చేశారు. చివరి మాట దుబాసీకి పోకుండా కాపాడుకోవడానికి, ఆయన దాన్ని గోడకి ఇచ్చేశాడు.

పెంబ్రిడ్జ్ దొర ఆరోగ్యం పాడై స్వదేశం వెళ్ళాడు. విశ్రాంతి కోసం. కొత్త దొర ఓడలో ఉన్నాడు.

మళ్ళీ నవంబరు వచ్చింది. పోస్టాఫీసు గోడ మీద కాగితం పడింది. లోయలో మేత అయిపోవచ్చింది. గొడ్లని తోలుకుని మగవాళ్ళు కాగితం ముందు గుంపు కట్టారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఉత్తర్వుని మా భాషలోకి మార్చడం దుబాసీ పని. దుబాసీని తీసేశారు. పోస్టు మాస్టరు తంతి తప్ప ఇంకేదీ చదవనని ఖరాఖండిగా చెప్పాడు. అది ఆయన శాఖ కాదట.

"న్తాతే ఖోటోని పిలవండి," అన్నారెవరో. పెద్దవాళ్ళని మేము అలా పిలుస్తాం, తండ్రీ అని. నన్ను అలా పిలిచి చాలాకాలమైంది.

వెళ్ళాను. చదివాను. పై కొండల మేత పూర్తిగా నిషిద్ధం, అతిక్రమించినవారి గొడ్లు జప్తు అని ఉంది.

"ఏముంది న్తాతే?"

నేను నోరు తెరిచేలోగా జనం పక్కకి తప్పుకున్నారు. సెఖోబేగారు గుర్రం మీద వచ్చాడు. కిరీటం బొమ్మ కంబళి కప్పుకున్నాడు. గోడ వంక చూశాడు. నా వంక చూశాడు. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట: "చదువు."

జప్తు చెయ్యాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు కూడా ఆ గోడకే అంటిస్తారు. దాన్ని చదవాల్సిందీ నేనే. గొంతు సవరించుకుని, దొర ధోరణిలోనే చదివాను:

"ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, పై కొండల తృణజాతి పూర్తిగా కోలుకున్నట్లు శాస్త్రము నిరూపించినది. కావున ఈ ఏడు గొడ్లను తోలుకొనుటకు అభ్యంతరము లేదు."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెఖోబేగారు నన్ను చాలాసేపు చూశాడు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ యాభై ఏళ్ళుగా మనుషుల్ని చదువుతున్నాడు.

"కింద సంతకం ఎవరిది?"

"దొర స్థానంలో ఉన్నవారిది, మొరెనా. పక్కన చోటు ఖాళీగా ఉంది."

"ఎవరికి?"

"మీకే."

ఆయన గుర్రాన్ని గోడ వైపు నుంచి జనం వైపు తిప్పాడు. పతకం సర్దుకున్నాడు. చిన్న గొంతుతో అన్నాడు:

"గొడ్లు ఎక్కుతాయి."

"వాన!" అన్నారు జనం.

ఆ మాటని నేను ఇంకే భాషలోనూ చెప్పలేదు.